పది గ్రాముల పొట్లం

మంచి డార్జిలింగ్ మొదటి కోత టీ 100 గ్రాములు కొనాలంటే, మామూలు ఇంట్లో నెలంతా వాడే టీపొడి ఖర్చు ఆ ఒక్క ప్యాకెట్టుకే చాలదు. అంత పోసి కొన్నాక నచ్చకపోతే? చుట్టాలకిస్తే పాలలో మరగబెట్టి, “ఇదేం టీ వదినా, రంగే దిగలేదు” అంటారు. డబ్బా అలమరలో వెనక్కి జరిగిపోతుంది. ఏడాది తిరిగాక మూత తీస్తే ఎండుగడ్డి వాసన తప్ప ఏమీ మిగలదు.

టీ మీద సరదా ఉన్న ఇళ్లలో ఇలాంటి డబ్బాలు ఒకటో రెండో ఉంటూనే ఉంటాయి. దీనికి విరుగుడు శాంపిళ్ల మార్పిడి. ఎవరు కొన్న టీని వాళ్లు పది గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి, పోస్టులో ఒకళ్లకొకళ్లు పంపుకోవడమే. ఒక ప్యాకెట్టు ఖర్చుతో ఏడెనిమిది రకాలు రుచి చూడొచ్చు.

వినడానికి తేలికే. నడిపితే తెలుస్తుంది ఇందులో ఎంత లెక్క ఉందో. నేను రాజమండ్రిలో పోస్టాఫీసు కౌంటర్ దగ్గర పనిచేసి రిటైరైనదాన్ని. కవరు తూచడం, పిన్‌కోడ్ చూడటం, రసీదు దాచడం చేతికి అలవాటైన పనులు. అందుకే మా వాళ్లు ఈ బాధ్యత నాకు అంటగట్టారు. మేం మొత్తం ఎనిమిది మందిమి. విశాఖ, గుంటూరు, కర్నూలు, హనుమకొండ, హైదరాబాద్, బెంగళూరు, ఇలా తలా ఒక చోట ఉంటాం. ఒక లెక్కల మాస్టారు, ఒక ఫార్మసిస్టు, ఒక లాయరు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా మేనకోడలు... టీ వ్యాపారంతో ఎవరికీ సంబంధం లేదు.

మన రెండు రాష్ట్రాల్లో చెప్పుకోదగ్గ టీ తోటలు లేవు. అరకు కొండల్లో పండేది కాఫీ. అక్కడి అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన కిరాణా కొట్లలో ఎక్కువగా దొరికేది సీటీసీ టీపొడి. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చించి, చిన్న గుళికలుగా చుట్టే ఈ పద్ధతి 1930ల్లో అస్సాంలో మొదలైంది. పాలు, పంచదార, మరుగు తట్టుకుని నిలబడేది ఆ పొడే. ఇరానీ చాయ్ కావాలంటే అదే వాడాలి, అందులో చిన్నతనమేమీ లేదు. ఆకు ఆకుగా ఉండే ఆర్థడాక్స్ టీలు మాత్రం దూరం నుంచి తెప్పించుకోవాల్సిందే. తెప్పించుకున్నది పంచుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

శాంపిల్ లేనిదే బేరం లేదు

ఇది మేం కనిపెట్టిన పద్ధతేం కాదు. టీ వ్యాపారం మొత్తం శాంపిల్ మీదే నడుస్తుంది. అస్సాం టీ మొదటిసారి లండన్ వేలంలో అమ్ముడైంది 1839 జనవరిలో. కోల్‌కతాలో టీ వేలాలు 1861 డిసెంబరు 27న మొదలయ్యాయి. వేలానికి ముందే బ్రోకర్లు ఒక్కో లాటు నుంచి కొంచెం తీసి కొనుగోలుదార్లకు పంపుతారు. వాళ్ల దగ్గర టేస్టర్లు తెల్ల పింగాణీ కప్పులు వరసగా పేర్చి, అన్నిటిలో ఒకే తూకం ఆకు వేసి, ఒకే సమయం ఉంచి, చెంచాతో సర్రున పీల్చి, ఉమ్మేసి, ధర రాసుకుంటారు. తాగి చూడకుండా కొనేవాడు ఆ వ్యాపారంలో ఎక్కువకాలం నిలవడు.

రుచి పరీక్షకు టీ ఎలా కాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. దాని పేరు ఐఎస్ఓ 3103. మొదట 1980లో వెలువడింది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు, మూత ఉన్న తెల్ల పింగాణీ పాత్ర. దానికి మూలమైన బ్రిటిష్ ప్రమాణానికి, ఒక కప్పు టీ గురించి ఆరు పేజీలు రాసినందుకు, 1999లో నవ్వులాట నోబెల్ అనదగ్గ ఇగ్ నోబెల్ ఇచ్చారు. మేమూ నవ్వుకున్నాం. కానీ మొదటి విడత అయ్యేసరికి ఆ ఆరు పేజీల విలువ బాగా తెలిసొచ్చింది. మన ఇళ్లలో టీ అందాజు మీద పెడతాం. ఎవరి చేతి టీ వాళ్లకు అమృతం. వేర్వేరు ఊళ్లలో కూర్చుని ఒకే టీ గురించి మాట్లాడుకోవాలంటే మాత్రం అందాజు పనికిరాదు. రుచి గురించి మాట కలవాలంటే ముందు కొలత కలవాలి.

యాభై ఆరు పార్సిళ్లా, పద్నాలుగా?

మార్పిడి నడపడానికి నాలుగు దారులున్నాయి. ఇద్దరే అయితే నీది నాకు, నాది నీకు. అక్కడ ఏర్పాట్లతో పనేం లేదు. కొంచెం పెద్ద బృందమైతే పేర్లు చీటీలు వేసి, ఎవరికి ఎవరి పేరు వస్తే వాళ్లకు పంపొచ్చు. పండగ సరదాకి బాగుంటుంది గానీ, ఒక్కొక్కళ్లకు ఒక్కరి టీలే అందుతాయి.

మూడోది తిరిగే డబ్బా. పాతిక ముప్ఫై రకాలు నింపిన పెట్టె ఒకరి నుంచి ఒకరికి వెళుతుంది. కావలసింది తీసుకుని, తీసుకున్నంత తూకం తమది వేసి, తర్వాతి వాళ్లకు పంపాలి. ఆలోచన ముచ్చటగానే ఉంది. కానీ ఒకరు ఊరెళితే డబ్బా అక్కడే ఆగిపోతుంది. పైగా మంచివి మొదటి ముగ్గురి దగ్గరే అయిపోతాయి.

మేం పట్టుకున్నది నాలుగో దారి. అందరూ ఒకరికి పంపితే, ఆ ఒకరు కలిపి పంచుతారు. ఎనిమిది మంది ఎవరికి వారు మిగతా ఏడుగురికీ పంపితే 56 పార్సిళ్లు. అదే ఏడుగురు నాకు పంపి, నేను ఏడుగురికి పంపితే 14తో సరి. ఇంకో లాభం కూడా ఉంది. అడ్రసులన్నీ నా పుస్తకంలోనే ఉంటాయి. ముక్కూమొహం తెలియని వాళ్లకు ఇంటి అడ్రసు ఇవ్వడానికి ఆడపిల్లలు వెనకాడతారు, అందులో తప్పేముంది? ఈ పద్ధతిలో ఆ ఇబ్బంది రాదు.

ఒక్కొక్కళ్లు ఒక్క రకం టీయే పది గ్రాముల చొప్పున ఎనిమిది పొట్లాలు కట్టాలి. 100 గ్రాముల ప్యాకెట్టులో 80 పోను ఇంట్లో 20 మిగులుతుంది. పదే ఎందుకంటే, మామూలు కప్పు 150 మిల్లీలీటర్లు అనుకుంటే 3 గ్రాములు పడుతుంది. పది గ్రాములకు మూడు కప్పులొస్తాయి. మొదటిది మేం అనుకున్న కొలతతో, రెండోది ఎవరికి నచ్చినట్టు వాళ్లు, మూడోది ఇంట్లోవాళ్లకు. ఐదు గ్రాములైతే పొరపాటు దిద్దుకునే వీలుండదు. ఇరవై అయితే పంపేవాళ్లకు భారం.

వచ్చిన పొట్లాల మీద పేర్లు తీసేసి నంబర్లు అంటిస్తాను. నీళ్లు ఎంత వేడి, ఎన్ని నిమిషాలు అన్నది మాత్రం రాస్తాను. ఎవరు ఏది పంపారో, ధర ఎంతో అందరూ అభిప్రాయాలు రాసిచ్చాకే చెబుతాను. ఎవరి టీ వాళ్లకు కూడా నంబరు కిందే తిరిగి వెళుతుంది. సొంత టీకి తక్కువ మార్కులేసి, ఆ తర్వాత నవ్వలేక నవ్విన పెద్దమనుషులు మాలో ఉన్నారు.

బల్ల మీద పని

పొట్లాలు కట్టే రోజు వంటింట్లో పోపు పెట్టకూడదని మా ఇంట్లో రూలు. టీ ఆకు ఏ వాసననైనా పీల్చేస్తుంది. మల్లెపూల టీ తయారయ్యేది ఆ గుణం వల్లే. చైనాలో ఆకును రాత్రంతా పూలతో కలిపి ఉంచుతారు. అదే గుణం ఇంగువ పక్కన పెడితే కొంప ముంచుతుంది. అందుకే మసాలా టీలు, పొగ పట్టిన టీలు అన్నిటికన్నా చివర్లో కట్టి, వేరే కవర్లో వేస్తాను.

చెంచా కొలత నమ్మొద్దు. దళసరి ఆకు చెంచాలో పట్టేది కొంచెం, పొడి పట్టేది చాలా. పది గ్రాముల సీటీసీ పొట్లం అడుగునే సర్దుకుంటుంది. పది గ్రాముల తెల్ల టీ, పొడవాటి మొగ్గలూ ఆకులూ, అదే పొట్లంలో పట్టక పైకి పొంగుతుంది. అదిమితే ఆకు విరుగుతుంది, విరిగిన ఆకు నీళ్లలో త్వరగా దిగి చేదెక్కుతుంది. దానికి పెద్ద పౌచ్ తీసుకోవాల్సిందే. దశాంశం చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి చాలు. పౌచ్ పెట్టి సున్నా చేసి, ఆకు వేసి, పది రాగానే ఆపేయడమే.

పౌచ్ లోపల రేకు పూత ఉన్నది, జిప్ ఉన్నది అయితే మంచిది. పల్చటి ప్లాస్టిక్ కవరు వాసన ఆపదు, వెలుతురు అసలే ఆపదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు టీలో తేమ 3 శాతం దగ్గర ఉంటుంది. గాలి తగిలేకొద్దీ అది పెరిగి టీ జీవం పోతుంది. జిప్ మూసేముందు గాలి నొక్కి తీసేయాలి. స్టేప్లర్ జోలికి వెళ్లొద్దు. పిన్ను గుచ్చిన చోటల్లా తేమకు దారి ఇచ్చినట్టే. పొడి టీ అయితే జిప్ పైన టేపు కూడా వేయాలి, లేకపోతే కవరు మూలల్లోంచి గోధుమరంగు పొడి కారుతుంది. అది చూసిన వాళ్లకు లేనిపోని అనుమానాలు.

పౌచ్ మీద రాయాల్సినవి: టీ పేరు, ప్రాంతం, ఏ ఏడాది ఏ కోత, తూకం. జీడిపప్పు, బాదం లాంటివి కలిసిన రుచుల టీ అయితే ఆ సంగతి తప్పనిసరి. అవి పడనివాళ్లు ఉంటారు. కొన్న టీ మాత్రమే పంపాలి. పెరట్లో ఎండబెట్టిన ఆకులు, తెలిసినవాళ్లిచ్చిన మూలికలు మేం తీసుకోం.

పోస్టాఫీసు సంగతులు

నేను తిరిగి పంపే కవరు బరువు లెక్క ఇది: ఎనిమిది రకాలూ, నా తరఫున వేసే ఇంకో పొట్లమూ కలిపి తొమ్మిది, పౌచ్‌లూ కవరూ కలిపి సుమారు నూటయాభై గ్రాములు. స్పీడ్ పోస్టు రేట్లలో 50 గ్రాములు ఒక గీత. అది దాటితే తర్వాతి అంతస్తుకు వెళుతుంది, దాటాక కొంచెం అటూ ఇటూ అయినా తేడా రాదు. కాబట్టి రెండు గ్రాములు తగ్గించడానికి మంచి పౌచ్ మానేయడం దండగ. 1986 ఆగస్టులో మొదలైన ఈ స్పీడ్ పోస్టులోనే 2025లో రిజిస్టర్డ్ పోస్టును కూడా కలిపేశారు. రసీదు మీది నంబరుతో పార్సిల్ ఎక్కడుందో చూసుకోవచ్చు. ఆ నంబరు ఫొటో తీసి గ్రూపులో పెట్టాకే పంపినట్టు లెక్క.

అడ్రసు బాల్‌పెన్నుతో రాయండి, జెల్ పెన్ను వాన చినుక్కే కరిగిపోతుంది. పైన పారదర్శకమైన టేపు అంటించండి. పంపేవారి అడ్రసు, ఇద్దరి ఫోన్ నంబర్లు, పిన్‌కోడ్ ఉండాలి. 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ ఆరంకెల్లో మొదటిది ప్రాంతాన్ని చెబుతుంది. 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. ఒక్క అంకె మారితే ఆకు దేశసంచారం చేస్తుంది. లోపల కూడా అడ్రసు చీటీ ఒకటి వేయండి. కవరు చిరిగినా దారి దొరుకుతుంది. సోమ, మంగళవారాల్లో వేస్తే ఆదివారం దాకా ఎక్కడా పడి ఉండదు. మే నెల ఎండల్లో, దసరా సంక్రాంతి రద్దీలో మేం విడతలు పెట్టం.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా చేరతామంటారు. కస్టమ్స్ ఫారం, ఒక్కో దేశానికి ఒక్కో ఆహార నిబంధన, సుంకం... పది గ్రాములకు అంత తతంగం ఎందుకు? అక్కడివాళ్లు అక్కడే ఒక బృందం కట్టుకోవడం మేలు.

ఒక విడతలో ఏమేం వచ్చాయి

ఈ మధ్య విడతలో వచ్చినవి చెబితే వైవిధ్యం అర్థమవుతుంది. డార్జిలింగ్ మొదటి కోత, అంటే మార్చి ఏప్రిల్ నెలల చిగురు. మన దేశంలో భౌగోళిక గుర్తింపు మొట్టమొదట దక్కింది డార్జిలింగ్ టీకే. 87 తోటలకే ఆ పేరు వాడుకునే హక్కు. అస్సాం రెండో కోత ఆర్థడాక్స్. నీలగిరి కొండల్లో చలికాలపు మంచు పడే రోజుల్లో కోసిన ఫ్రాస్ట్ టీ. హిమాచల్ కాంగ్రా నుంచి ఒకటి. 1905 ఏప్రిల్ భూకంపంలో దెబ్బతిని, ఆ తర్వాత పూర్వపు స్థితికి రాని లోయ అది. సిక్కిం ప్రభుత్వం 1969లో పెట్టిన టెమీ తోట టీ. అస్సాం, అరుణాచల్‌లలో ఉండే సింగ్‌ఫో ప్రజలు వెదురు గొట్టాల్లో కూరి పొగబెట్టే టీ. చైనా యునాన్ నుంచి వచ్చే పూ-ఎర్, 357 గ్రాముల బిళ్ల నుంచి గీకి తీసింది. జపాన్ సెంచా.

ఎనిమిదీ ఒకే జాతి మొక్క ఆకులే. కోశాక ఆకును గాలికి ఎంతసేపు నల్లబడనిచ్చారు, ఎప్పుడు వేడి తగిలించి ఆపారు, ఎన్నేళ్లు నిలవ ఉంచారు అన్న దాంట్లోనే తేడా చాలావరకు. పుస్తకంలో చదివితే ఇది ఒక వాక్యం. ఎనిమిది కప్పులు పక్కపక్కన పెట్టి తాగితే నాలుక మరిచిపోదు. 357 గ్రాముల బిళ్ల ఒక్కరు కొంటే ఏళ్ల తరబడి తాగాలి. అలాంటి వాటికైతే మార్పిడిని మించిన దారి లేదు.

సున్నా నంబరు

కర్నూలు మాస్టారు ఆ విడతలో ఫోన్ చేశారు.

“మేడమ్‌గారూ, ఈ నాలుగో నంబరు ఎవరు పంపారో గానీ ఒకటే చేదండీ.”

“ఎంతసేపు ఉంచారు మాస్టారూ?”

“మీరు రాసినట్టే, రెండు నిమిషాలు.”

“నీళ్లు 75 డిగ్రీలు అని కూడా రాశాను కదండీ?”

“మా ఇంట్లో థర్మామీటరు జ్వరం చూసుకునేది ఒక్కటేనండీ. కుతకుతా మరిగినవే పోశాను. టీ అంటే మరగాలి కదా!”

నాలుగో నంబరు సెంచా. మరిగే నీళ్లు పోస్తే అందులోని చేదూ వగరూ ఒక్కసారిగా దిగుతాయి. “మరిగిన నీళ్లు రెండు స్టీలు గ్లాసుల మధ్య నాలుగైదు సార్లు తిరగబోసి, అప్పుడు పోయండి” అన్నాను. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: ‘ఉడికిన బఠాణీ వాసన. చివర్లో తీపి. ఏడు మార్కులు.’ అప్పటి నుంచి పొట్లాల మీద డిగ్రీలతో పాటు ఎన్నిసార్లు తిరగబోయాలో కూడా రాస్తున్నాం.

ఆకు కుదిరింది, సమయం కుదిరింది, వేడి కుదిరింది. ఇక మిగిలింది నీళ్లు. ఇందుకే ప్రతి కవరులో తొమ్మిదో పొట్లం ఒకటి నా తరఫున వేస్తాను, నంబరు సున్నా. అది ఎప్పుడూ ఒకే నీలగిరి ఆర్థడాక్స్ టీ. మిగతావి తెరిచేముందు అందరూ దాన్నే కాయాలి.

అదే ఆకు, అదే కొలత. మా ఇంట్లో గోదావరి కుళాయి నీళ్లతో ఎర్రగా తేటగా దిగింది. బోరు నీళ్లు వాడే లాయరుగారికి ముదురు రంగు వచ్చి, పైన పల్చటి తెట్టు కట్టింది. నీళ్లలోని కాల్షియం, బైకార్బొనేట్లు టీలోని పదార్థాలతో కలిస్తే కట్టేది అదే. ఖనిజాలన్నీ లాగేసే ఆర్‌ఓ ఫిల్టరు నీళ్లతో మా మేనకోడలికి టీ పల్చగా, కొంచెం కరకుగా అనిపించింది. “అత్తా, నువ్వు పంపినది వేరే టీ ఏమో” అంది.

ఇప్పుడు ఎవరైనా ‘ఐదో నంబరు బాగోలేదు’ అని రాస్తే, ముందు వాళ్లు సున్నా గురించి ఏం రాశారో చూస్తాం. సున్నా కూడా మొద్దుగా ఉందంటే తప్పు టీది కాదు, బోరుది. సున్నా బాగుండి ఐదే బాగోలేదంటే, అప్పుడు ఆ మాటకు విలువ ఉంది.

ముందే మాట్లాడుకోవాల్సినవి

ఇది చిట్టీ లాంటిది. ఒకరు ఎగ్గొడితే మిగతా అందరికీ నష్టం. అందుకే మొదలుపెట్టే ముందే కొన్ని మాటలు అనుకోవాలి. గడువు తేదీకి నాకు చేరని పార్సిల్ తర్వాతి విడతకు వెళుతుంది, ఎవరి కోసమూ ఆగం. నాకు వచ్చే పార్సిల్ దారిలో పోతే అందరికీ ఒక రకం తగ్గుతుంది, పంపినవారికి మాత్రం వాళ్ల వాటా వెళుతుంది. నేను పంపింది పోతే నా వాటాలోంచి ఐదేసి గ్రాములు కట్టి మళ్లీ పంపుతాను. తిరుగు పోస్టు ఖర్చు ఎవరిది వాళ్లు ముందే ఫోన్‌పే చేస్తారు. టీకి మాత్రం డబ్బు తీసుకోం. అమ్మకం మొదలైతే అది ఆహార వ్యాపారం అవుతుంది, దానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి.

ఇంకో షరతు: తాగినవాళ్లు రాయాలి. మూడు ముక్కలు చాలు. వాసన ఎలా ఉంది, నోట్లో ఏం మిగిలింది, మళ్లీ కొంటారా? గొప్ప మాటలు అక్కర్లేదు. ‘వగరు, మా ఆయనకు నచ్చింది, నాకు కాదు’ అన్నది కూడా పనికొచ్చే మాటే. రాయనివాళ్లకు మరుసటి విడత లేదు.

మీకూ సరదా ఉంటే నలుగురితో మొదలుపెట్టండి. తలా ఒక రకం, నాలుగేసి పొట్లాలు, ఒక తేదీ. నలుగురిలో ఒకరికి టీ గురించి ఏమీ తెలియకపోయినా ఫరవాలేదు, అలాంటి వాళ్లే నిజం రాస్తారు. ఖరీదైన టీ కోసం వెతుక్కోనక్కర్లేదు, ఇంట్లో ఉన్న డబ్బాతోనే సరిపెట్టుకోవచ్చు. ముందుగా కొనాల్సింది కాటా.